మధ్యలో చెయ్యి నిలపలేదు

నాయనా,

ఇవాళ తిరువళ్ళూరులో మా ల్యాబ్ కోర్సు పరీక్ష జరిగింది. గాజు పలక మీద రక్తపు చుక్క పెట్టి, ఇంకో పలక అంచుతో పలుచగా లాగాలి. పక్కవాళ్ళకి చారలు పడ్డాయి. నాకు మాత్రం మన తిరుత్తణి వీధిలో మగ్గం పడుగు నూలుకి కుంచెతో గంజి పెడుతూ నువ్వు అరిచిన మాటే వినిపించింది: "మధ్యలో చెయ్యి నిలపొద్దమ్మీ, మచ్చ పడతాది!"

నిలపలేదు. పొర సమంగా వచ్చింది. మైక్రోస్కోపులో చూస్తే, నువ్వు పోయాక గానీ ఎవరూ పేరు చెప్పని ఆ మలేరియా పురుగు ఎర్రకణంలో ఉంగరంలా కూర్చుని ఉంది. అందరికంటే ముందు కనిపెట్టింది నేనే!

ఇంటికొచ్చి చెబితే అమ్మ, "మీ నాయన్ను ఎత్తుకపోయినోడు దొరికినాడా?" అంది.

"దొరికినాడమ్మా."

ఇకమీదట వాడు నా కళ్ళుగప్పి పోలేడు నాయనా.