ఫొటో బదులు చిన్ని గీసిన బొమ్మ

తాతయ్యా,

ఈ రోజు ఇంట్లో నీ జ్ఞాపకార్థ కూడిక జరిగింది. పెద్దది చేయించిన నీ ఫొటో తెమ్మని నిన్న చెల్లి చిన్నిని సరోజినీ నగర్ మార్కెట్‌లోని స్టూడియోకు పంపాం. దారిలో జిలేబీలు వేసేవాడి మీసాలు చూస్తూ నిలబడిపోయి, ఎందుకు వెళ్లిందో మరిచి తిరిగొచ్చింది. ఈ రోజు సోమవారం, మార్కెట్ మూత.

"ఇక నీ రంగులు అటక మీదకే. కార్టూనిస్టు అవుతుందట, కార్టూనిస్టు," అంది అమ్మ.

సాయంత్రం అందరూ వచ్చేసరికి బల్ల మీద, పూల మధ్య, తను గీసిన నువ్వున్నావు. కూలర్ ముందు నోరు తెరిచి నిద్రపోతున్నావు, కళ్లజోడు నుదుటి మీద ఉంది. అమ్మ గబగబా తీసేయబోయింది గానీ పాస్టరుగారు అప్పటికే చూసేశారు. నేను తలుపు చాటుకు వెళ్లిపోయాను.

నానమ్మ వంగి చూసింది. "ముక్కు ఇంకా పెద్దది గదే," అని నవ్వడం మొదలుపెట్టి, ఆపుకోలేక కుర్చీలో కూలబడింది. నువ్వు వెళ్లాక ఆ నవ్వు వినడం ఇదే మొదటిసారి.

"నా ప్రసంగాల్లోనూ పెద్దాయన ఇలాగే ఉండేవారు," అన్నారు పాస్టరుగారు.

ప్రార్థన అయ్యాక ఆంటీలంతా చిన్ని చుట్టూ చేరారు. "నన్ను కాస్త సన్నగా వెయ్యమ్మా," అంది డ్యూటీ నుంచి యూనిఫాంతోనే వచ్చిన నర్సు ఆంటీ.

"ఫిర్, అప్పుడది మీరు కాదు కదా, ఆంటీ," అంది చిన్ని.

అందరూ వెళ్లాక అమ్మ కొప్పు సర్దుకుని చిన్ని ఎదురుగా కూర్చుంది. "నన్ను నవ్వుతున్నట్టు వెయ్యి."

చిన్ని పెన్సిలు చెక్కుకుంటూ, "అయితే ముందు నవ్వు, మమ్మీ," అంది.