కుండపోతలో నడక

చిరంజీవి తమ్ముడికి,

వానకోటు విప్పకుండానే రాస్తున్నాను. ఊపిరితిత్తుల జబ్బు తగ్గాక నీ మేనకోడలు నన్ను వానలో గడప దాటనివ్వలేదు కదా! నిన్న దానితోనే కోటు కొనడానికి వెళ్లాను.

దుకాణంలో అమ్మాయి మందపాటిది తెచ్చి, "ఇది వెచ్చగా ఉంటుందమ్మా" అంది.

"వెచ్చదనానికి లోపల స్వెట్టర్ వేసుకుంటాను. కుట్లకు లోపల టేపు, చంకల కింద జిప్పులు ఉన్నది చూపించు. వాన లోపలికి రాకూడదు, చెమట బయటికి పోవాలి" అన్నాను.

ఉల్లిపొరలాంటిది తెచ్చింది.

"ఇదేం ఆపుతుందే అమ్మా!" అని నీ మేనకోడలు మూతి ముడిచింది. అయినా అదే కొన్నాను.

ఇవాళ కుండపోతలో ఒక్కదాన్నే మా సంగీత బృందం దగ్గరికి నడిచివెళ్లి, గొంతెత్తి పాడి వచ్చాను. గుమ్మంలోనే నీ మేనకోడలు నా జిప్పు లాగి భుజాలు, వీపు తడిమి చూసింది. చుక్క తడి లేదు!

నా కోటు అంచు వేళ్లతో నలిపి చూసింది. తర్వాత మెల్లగా, "నాకూ ఒకటి చూసి పెట్టవే అమ్మా" అంది.

నీ అక్క