టేబుల్ మీద పెట్టిన ప్రసంగం

ఆగస్టు 31, ఆదివారం

కరుణ బెంటన్‌విల్ వచ్చింది. కొడుకు అవినాష్ దగ్గర ఆరు నెలలుంటుందట. అమెరికాలో ఇన్ని ఊళ్లుండగా ఆ అబ్బాయికి మా ఊళ్లోనే కాంట్రాక్ట్ దొరకాలా?

చర్చిలో పాస్టర్ గారు మైకు తీసుకుని, మాజీ పార్లమెంటు సభ్యురాలు కరుణమ్మ గారు ఈరోజు మన మధ్య ఉన్నారు అనగానే అందరూ వెనక్కి తిరిగారు. కరుణ లేచి నమస్కారం పెట్టింది. తల కొంచెం వంచి, చేతులు కాస్త పైకెత్తి, అన్ని వరసలకీ తిరిగి. కాలేజీలో ఈ నమస్కారం లేదు. ఎన్నికల్లో నేర్చుకుంది.

వచ్చే నెల ఇరవై ఎనిమిదిన చర్చి వార్షికోత్సవం. ఆ రోజు కరుణకి సన్మానం. పరిచయ ప్రసంగం నేను చేయాలట. గుంటూరులో మీదీ ఆమెదీ ఒకే హాస్టల్ రూమ్ కదా అక్కా, మీకంటే బాగా ఎవరు చెప్తారు అన్నారు పాస్టర్ గారు. పార్లమెంటులో ఆమె వ్యాపారం మీద, సంక్షేమం మీద, సమానత్వం మీద ఏం మాట్లాడారో మూడు నిమిషాల్లో చెప్పమన్నారు. నేను నోరు తెరిచే లోపే మా ఆయన ఆశీర్వాదం, తప్పకుండా చేస్తుందండీ అనేశాడు.

నాకు కుళ్లుగా ఉంది. బయట ఎవరితోనూ అనలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. డిగ్రీ మూడేళ్లూ వక్తృత్వంలో ఫస్ట్ ప్రైజ్ నాది. సెకండ్ ప్రైజ్ కరుణది. తర్వాత నేను పెళ్లి చేసుకుని ఇక్కడికి వచ్చేశాను. పార్టీ వాళ్లు చదువుకున్న మనిషి, మాట్లాడగల మనిషి కావాలని వెతుక్కుంటూ వస్తే అక్కడ కరుణ ఉంది. నేను ఉండి ఉంటే నన్నే అడిగేవాళ్లు. ఇందులో నాకు అనుమానం లేదు.

సెప్టెంబర్ 2, మంగళవారం, మధ్యాహ్నం 12.20

ఆఫీస్ పార్కింగ్‌లో, కార్లో. పెరుగన్నం తింటూ ఫోన్‌లో లోక్‌సభ వెబ్‌సైట్ తెరిచాను. అందులో ప్రతి మెంబర్ మాట్లాడిందీ ఉంటుంది.

ఒక్క టర్మ్. రెండోసారి ఓడిపోయింది. ఈ వాక్యం రాయడం హాయిగా ఉంది.

ఐదేళ్లలో ముప్పై ఒక్కసార్లు మాట్లాడింది. చాలావరకు రెండేసి నిమిషాలు. నర్సాపురం లేసు ఎగుమతులు ఎందుకు తగ్గాయని వాణిజ్య మంత్రిని అడిగింది. మెషీన్ లేసును చేతి లేసు అని అమ్ముతుంటే ఏం చేస్తున్నారని అడిగింది. ఇంట్లో కూర్చుని పనిచేసే ఆడవాళ్లకు పెన్షన్ ఏదని అడిగింది. అంగన్‌వాడీ ఆయాల గురించి నాలుగుసార్లు అడిగింది. దళిత క్రైస్తవుల రిజర్వేషన్ మీద, చర్చికి వెళ్లినంత మాత్రాన ఊళ్లో మా పేట చోటు మారలేదు అధ్యక్షా, అంది. అక్కడ బెల్ కొట్టేశారు.

ఈ చివరి మాట హాస్టల్‌లో నేనన్నదేమో. అనే ఉంటాను.

లంచ్ అయిపోయింది. లోపలికెళ్లి నేను చేసేదేమిటి? సప్లయర్లు పంపిన సామాన్లను సిస్టమ్‌లోకి ఎక్కిస్తాను. కొలత, రంగు, కంట్రీ ఆఫ్ ఆరిజిన్. రాత్రి ఇంటికొచ్చాక రాస్తున్నాను: మూడు గంటలకి టేబుల్ మీద పరిచే గుడ్డ, టేబుల్ రన్నర్, ఒకటి వచ్చింది, హ్యాండ్ క్రోషే, అంటే చేతి లేసు, ఇండియా. ఎంటర్ కొట్టాను.

సెప్టెంబర్ 4

ప్రశ్నలు అడగడం ఏం గొప్ప? నేను ముప్పై ఏళ్లుగా అడుగుతున్నాను. ఎవరూ ప్రింట్ చేయలేదు, అంతే.

సెప్టెంబర్ 6, శనివారం

కరుణని భోజనానికి పిలిచాం. పిలవకపోతే బాగుండదని ఆశీర్వాదం పోరు.

రొయ్యల ఇగురు చేశాను. కరుణ రెండుసార్లు వడ్డించుకుని, జోసీ, ఢిల్లీలో ఐదేళ్లున్నానే, ఆంధ్రా భవన్‌లో కూడా ఇలాంటి ఇగురు తినలేదు అంది. పొగడ్త కోసం నోరు తెరిచినా ఢిల్లీ బయటికొస్తుంది. ఆశీర్వాదం మాత్రం ఆ సెంట్రల్ హాల్ ఎలా ఉంటుందండీ, ఆ సీట్లు ఎలా ఉంటాయండీ అని అడుగుతూనే ఉన్నాడు. నా ఆఫీస్ ఏ బిల్డింగ్‌లో ఉందో ఈ మనిషికి ఇంకా తెలియదు.

దాని గొంతు కొంచెం బొంగురుపోయింది. ప్రచారంలో పోయిందట, మళ్లీ రాలేదట. నా గొంతు అలాగే ఉంది. గిన్నెలు కడుగుతూ గట్టిగా పాట పాడాను.

సెప్టెంబర్ 9, మంగళవారం, రాత్రి

దొరికింది!

దాని ప్రసంగాలన్నిటిలో ఒకటే పెద్దది, బడ్జెట్ మీద. అక్కడ కరుణ పేరు పక్కన చిన్న చుక్క గుర్తు. పేజీ కింద ఆ చుక్కకి అర్థం: స్పీచ్ వాజ్ లెయిడ్ ఆన్ ద టేబుల్. గూగుల్ చేశాను. సభలో టైమ్ లేకపోతే మెంబర్ మాట్లాడదు, రాసుకొచ్చిన కాగితం ఇచ్చేస్తుంది. అది మాట్లాడినట్టే రికార్డులో వేస్తారు.

అంటే మాట్లాడనే లేదు. ఉన్నవాటిలో పెద్ద ప్రసంగం నోరు విప్పకుండా చేసింది! మధ్యాహ్నమంతా నాకు ఎంత సంతోషంగా ఉందో. మీటింగ్‌లో మేనేజర్, యు లుక్ హ్యాపీ జోసఫిన్, అంది.

సెప్టెంబర్ 10

నిన్న చుక్క చూసి సంబరపడ్డాను గానీ ప్రసంగం చదవలేదు. ఈరోజు చదివాను. చదవకుండా ఉండాల్సింది.

తెలుగులో రాసి ఇచ్చిందట, రికార్డులో ఇంగ్లిష్ అనువాదమే ఉంది. అందులో ఉన్నది ఇది. నా స్నేహితురాలి తల్లి ఒకామె ఉంది. వెలుతురు కోసం గుమ్మంలో కూర్చుని లేసు అల్లేది. ఆ అల్లికతోనే కూతుర్ని గుంటూరులో చదివించింది. నలభై రెండేళ్లకే చూపు మందగించింది. ఒకరోజు ఇంటింటి లెక్కలు రాసుకునే సర్కారు మనిషి వచ్చి, ఏం పని చేస్తావమ్మా అని అడిగాడు. ఏం చేయనండీ, ఇంట్లోనే ఉంటాను అంది. చేతిలో సూది ఆగలేదు. అతను పని లేదు అని రాసుకుని వెళ్లాడు. ఆ లేసు సముద్రాలు దాటింది అధ్యక్షా. ఆమె మాత్రం లెక్కలోకి రాలేదు.

మా అమ్మ. కరుణ మా అమ్మని తీసుకెళ్లి పార్లమెంటులో పెట్టింది. పేరు కూడా లేకుండా.

సెప్టెంబర్ 13, శనివారం

అవినాష్ ఇంటి వెనక ట్రెయిల్ మీద ఇద్దరం నడిచాం. చుక్క గురించి అడిగాను. సిగ్గుపడుతుందనుకున్నాను. పడలేదు.

ఆ రోజు పన్నెండింటి నుంచీ కాగితం పట్టుకుని కూర్చున్నానే జోసీ, అంది. సాయంత్రం దాకా పిలవలేదట. మంచినీళ్లకి కూడా బయటికి వెళ్లలేదట, వెళ్తే పేరు పిలుస్తారేమోనని. చివరికి అధ్యక్ష స్థానంలో ఉన్నాయన మిగిలినవాళ్లంతా టేబుల్ మీద పెట్టేయండి అన్నాడట. ఇచ్చేసి బయటికొచ్చి, లేడీస్ రూమ్‌లో అద్దం ముందు నిలబడి మొత్తం చదువుకుందట. మాట్లాడినవన్నీ మర్చిపోయాను, మాట్లాడనిది ఒక్కటే గుర్తుంది అంది.

మా అమ్మ సంగతి నీకెవరు చెప్పారని అడిగాను. ఎవరో చెప్పడమేంటే, నేను పక్కనే ఉన్నాను కదా, అంది. క్రిస్మస్ సెలవులకి మా ఇంటికి వచ్చినప్పుడట. నువ్వు లోపల డిబేట్‌కి బట్టీ పడుతున్నావు, నేను మీ అమ్మ దగ్గర కూర్చుని దారం ఉండ విప్పుతున్నాను అంది. నాకు ఆ రోజే గుర్తులేదు. మా అమ్మ అన్న ఆ మాట నేను వినలేదు. ఇది విన్నది.

అప్పుడు కరుణ ఒక మాట అడిగింది. ఆ రోజు చర్చిలో నాకు శాలువా వద్దు, మెమెంటో వద్దు, నాలుగు నిమిషాలు ఇప్పించు, ఆ ప్రసంగం నా నోటితో ఒక్కసారి పైకి చదువుకుంటాను అంది. ఇంకెక్కడ చదువుతానే, నన్నిక ఎవరు గెలిపిస్తారు అని నవ్వింది.

సరే అన్నాను.

సెప్టెంబర్ 17

అది మా అమ్మ.

సెప్టెంబర్ 24, బుధవారం

ప్రోగ్రామ్ షీట్ నేనే టైప్ చేశాను. పరిచయం, జోసఫిన్, మూడు నిమిషాలు. ప్రసంగం, కరుణమ్మ గారు, నాలుగు నిమిషాలు.

తర్వాత ఆ ఇంగ్లిష్ ప్రసంగాన్ని తెలుగు చేశాను. ఎందుకంటే ఏం చెప్పను, ఊరికే. రికార్డులో డోర్‌స్టెప్ అని ఉన్నచోట మా అమ్మ ఎప్పుడూ అనే మాట పెట్టాను, అరుగు. నాది కరుణ రాసినదానికంటే బాగుండి తీరుతుంది. దాని తెలుగులో ఎప్పుడూ కొంచెం పాఠ్యపుస్తకం ఉండేది.

సెప్టెంబర్ 28, ఆదివారం, సాయంత్రం 5

ముందే అనుకోలేదని రాస్తే అబద్ధం. కార్లో టైమ్ పెట్టుకుని నాలుగుసార్లు చదివాను. కాగితాలు బైబిల్‌లో పెట్టుకుని వెళ్లాను.

రెండు వందల మంది ఉంటారు. తెల్ల పట్టుచీర కట్టుకున్నాను. మైకు ముందుకెళ్లి ఆమె ముప్పై ఒక్కసార్లు మాట్లాడారు అని మొదలుపెట్టాను. ఎగుమతులు, పెన్షన్, అంగన్‌వాడీ, మా పేట, అన్నీ చెప్పాను. అక్కడితో ఆపి, కరుణమ్మ గారు ఇప్పుడు మాట్లాడతారు అనాలి. మొదటి వరసలో కరుణ అప్పటికే కళ్లజోడు పెట్టుకుని, ఒళ్లో రెండు కాగితాలు సర్దుకుంటోంది.

ఆమె పార్లమెంటులో చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మాటలు మీకు వినిపిస్తాను అన్నాను. చదవడం మొదలుపెట్టాను.

స్నేహితురాలి తల్లి అని చదవలేదు. మా అమ్మ అని చదివాను.

ఎవరూ కదల్లేదు. ఏం చేయనండీ, ఇంట్లోనే ఉంటాను అన్నచోట నేను ఆగాను. ఎంతసేపు ఆగాలో నాకు తెలుసు, అది నాకెప్పుడూ తెలుసు. నర్సాపురం వైపు ఆడవాళ్లు కొంగు కళ్లకి పెట్టుకున్నారు. ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత ఒక హాలు మొత్తం నా చేతిలో ఉంది. ఆ నాలుగు నిమిషాలూ నాకు అమ్మ గుర్తురాలేదు. గొంతు బాగా వస్తోందని మాత్రం అనుకున్నాను.

చప్పట్లు ఆగలేదు. అందరూ లేచి నిలబడ్డారు. కరుణ కూడా లేచింది. మైకు దగ్గరికొచ్చి చేతిలోని కాగితాలు చూసుకుంది, నాలుగు మడతలు పెట్టింది. నేను చెప్పాల్సింది జోసఫిన్ చెప్పేసింది, దేవునికి స్తోత్రం, అంది. కూర్చుంది. శాలువా కప్పారు.

భోజనాల దగ్గర అందరూ నా చుట్టూనే. ఆశీర్వాదం నా ప్లేట్ తనే పట్టుకొచ్చాడు.

సెప్టెంబర్ 29, సోమవారం

కరుణ ఫోన్ చేసింది. అరుస్తుందేమోనని తలుపేసుకున్నాను. అరవలేదు.

నిన్న నా చేత ఇంకోసారి టేబుల్ మీద పెట్టించావు జోసీ, అంది.

ఆమె మా అమ్మ అన్నాను. నేను కాదన్నానా, మీ అమ్మే, అంది. అడిగితే కాగితం నీ చేతికే ఇచ్చేదాన్ని. కానీ ఇన్నేళ్లలో ఆమె గురించి నువ్వు ఎక్కడైనా ఒక్క మాట చెప్పావా, అని అడిగింది. ఫోన్ పెట్టేసింది.

నాకు ఇప్పటికీ కుళ్లుగానే ఉంది. ఆ రోజు అమ్మ పక్కన కూర్చుని ఉండ విప్పినందుకు.

అక్టోబర్ 2

చర్చి వాళ్లు వీడియో యూట్యూబ్‌లో పెట్టారు. నేను చదివిన నాలుగు నిమిషాలు మాత్రమే విడిగా తీసి. పైన పేరు: మాజీ ఎంపీ కరుణమ్మ గారి ప్రసంగం.

అది నర్సాపురం వైపు వాట్సాప్ గ్రూపులన్నిటికీ వెళ్లిపోయింది. అక్కడ నన్ను చూసినవాళ్లు ఎవరు మిగిలారు? మేడమ్ కాస్త లావయ్యారు, అమెరికా నీళ్లు పడ్డాయి అని ఒకరు. గొంతు బాగైంది, దేవుని కృప అని ఒకరు. మీడియా టీమ్ హర్షిత్‌కి ఫోన్ చేశాను. టైటిల్ చేంజ్ చేస్తాను ఆంటీ, బట్ ఫార్వర్డ్స్ నేను ఆపలేను కదా, అన్నాడు.

సాయంత్రానికి ఎవరో కరుణ వాళ్ల అమ్మ ఫోటోకి దండ వేసి, లేసు తల్లికి జోహార్లు అని పెట్టారు. ఆవిడ స్కూల్ టీచర్. జన్మలో సూది పట్టలేదు.



అక్టోబర్ 4

ఇప్పటికి నలభై వేలమంది చూశారు. టైటిల్ ఇంకా మారలేదు. కింద కామెంట్ రాశాను, మాట్లాడింది జోసఫిన్, ఆ తల్లి పేరు సువార్తమ్మ అని. పోస్ట్ చేయకముందే కొట్టేశాను.

మళ్లీ రాశాను. చాలా బాగా మాట్లాడారు కరుణమ్మ గారూ. పోస్ట్ చేశాను.