జొన్నల గుమ్మిలో కుక్కపిల్ల

బాపూ,

నువ్వు కన్నుమూసి ఏడాది తిరిగింది. ఇంటికి కాపలా ఉంటుందని మామ ఎల్లారెడ్డి నుంచి కుక్కపిల్లను తెచ్చాడు. కోళ్ల గంప కింద మూస్తే గంపతో సహా వాకిలంతా నడిచింది. మేదరాయన బోను అల్లిచ్చేదాకా ఎక్కడ ఉంచాలో తోచక, ఖాళీగా ఉన్న జొన్నల గుమ్మిలోకి దించాను.

"గింజలు పోసే గుమ్మిల కుక్కనా!" అని అవ్వ కేకలేసింది.

"గింజలేడున్నయే అవ్వా? ఈయేడు చేన్ల ఇత్తనాలు ఇత్తినోళ్లెవలు?" అన్నాను.

అవ్వ తనే గడ్డి తెచ్చి లోపల పరిచింది.

నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. చేను దాకా పోతాను, మళ్లీ గుమ్మి దగ్గరికే వస్తాను. గింజలెంత మిగిలాయో తెలియడానికి నువ్వు దాన్ని వేలితో కొట్టి వినేవాడివి కదా. ఇవాళ నేనూ కొట్టాను. ఖాళీ చప్పుడే వస్తుందనుకున్నాను.

లోపలి నుంచి అది గోళ్లతో గీరి జవాబిచ్చింది.