పై వాటా కోసం కొన్న మిషను

ఆరెకిపా,
ఆగస్టు, ఆదివారం సాయంత్రం

నా బంగారు తల్లి యానెత్‌కి,

అమ్మ నీ రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుని రాస్తున్నది. ఇక్కడ నేను, మీ నాన్న, అమ్మినవి పోగా మిగిలిన గినీ పందులు అందరం కులాసా. అక్కడ ఆ అడవి ఉక్కపోతలో నువ్వు, అల్లుడు రోములో, నేను ఇంకా ఒళ్ళోకి తీసుకోని నా మనవరాలు నైదా చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. ఈ కాగితం బస్సు పార్శిల్లో చీజ్ ముద్ద పక్కన పెడుతున్నా. జిడ్డు అంటితే తిట్టుకోకు.

నువ్వడిగినవి చెప్తాను. నా మోకాలు బాగానే ఉంది, మెట్లెక్కేటప్పుడు మాత్రం గోల చేస్తుంది. ఔరేలియా అత్త కూతురి పెళ్ళి అయిపోయింది. బాజాలు దరిద్రంగా వాయించారు, మా అల్లుడి ట్రంపెట్ ఉంటేనా అని నేను అందరి ముందూ అనేశాను. మీ నాన్న విననట్టు పులుసు జుర్రుకున్నాడు.

ఇక అసలు ప్రశ్న. అల్లుడు రోములోకి ఇక్కడి బ్యాండులో చోటు దొరికిందనీ, వచ్చి మన పై వాటాలో గది కట్టుకుంటామనీ, నాన్న రానిస్తాడా అనీ అడిగావు. ఉత్తరం చివరికి వెళ్ళి చూడకు. నీ అలవాటు నాకు తెలుసు. వరసగా చదువు.

నేను వెల్డింగ్ మిషను కొన్నాను. నవ్వకు! ఈ వయసులో నీకిదేం పిచ్చే అని వీధంతా నవ్వింది, చాల్లే. డాబా మెట్లకి ఒక పక్క రెయిలింగ్ లేదుగా. నువ్వొస్తే చంటిపిల్లతో ఎలా ఎక్కుతావు? పనివాణ్ణి పిలుద్దామంటే మీ నాన్న "పైన ఎవరున్నారని?" అన్నాడు. సరే, నేనే చేస్తానన్నాను. బాగా బలిసిన గినీ పందుల్ని పెళ్ళివాళ్ళకి అమ్మేసి, ఇనుప సామాన్ల బజారుకి వెళ్ళాను.

అక్కడ గుమెర్సిందా అని ఒకావిడ కొట్టు. నోరు పెద్దది, మనసు మంచిది. నేను మొదట ఒక పాత రకం మిషను దగ్గర నిలబడ్డాను. దూడంత ఉంది, చూస్తేనే ధైర్యంగా ఉంది.

"అమ్మా, మీ ఇల్లు ఎక్కడ?" అంది.

"కొండ మీద, కరెంటు లైనుకి చిట్టచివర."

"అయితే దీన్ని పెట్టావంటే మీ వీధి మొత్తం చీకటి. పైగా ఎవరు మోస్తారు, మీ ఆయనా?"

"మా ఆయన మాటే మోయడు, మిషనేం మోస్తాడు," అన్నాను. ఇద్దరం పడీ పడీ నవ్వాం.

తర్వాత గ్యాసు సిలిండరుతో నడిచేది చూపించింది. అతుకు నున్నగా వస్తుందిట. కానీ అందులో గ్యాసే అతుకుని కాపాడాలి, మన డాబా మీద ఆగస్టు గాలికి అది నిలుస్తుందా? దుప్పట్లే నిలవవు. అదీ వద్దనుకున్నాను. చివరికి సంచీలా భుజానికి తగిలించుకునే చిన్న మిషను తీసింది. మామూలు రాడ్డు పెట్టి కాల్చడమే. ఇంటి కరెంటుకి సరిపోతుంది, గాలికి బెదరదు. దాని మీద కరెంటు బలం మూడొందలు అని పెద్ద అంకె ఉంది.

"అంకె చూసి మురిసిపోకు. అందులో సగం ఇస్తే గొప్ప. నీ రెయిలింగ్‌కి ఆ సగంలో సగం చాలు," అని తనే చెప్పింది. "మిషను చవకది కొను, పరవాలేదు. ముసుగూ, చేతి తొడుగులూ మాత్రం చవకవి కొనకు."

నేను మిషను కొన్నాను, తొడుగులు కొన్నాను. ముసుగు దగ్గర పిసినారితనం చేశాను. ఔరేలియా అత్త వాళ్ళాయనది పాతది ఉందిగా అనుకున్నాను. దాని అద్దం ఒక మూల పగిలి ఉంది.

నీ చిన్నప్పటి మంచం ఫ్రేముని ముక్కలు చేసి నేర్చుకున్నాను. మొదటి రోజు రాడ్డు ఇనుముకి అతుక్కుపోయి ఊడి రాదు, లాగితే మిషనుతో సహా వస్తుంది. రెండో రోజు అతుకు పడింది గానీ కోడి రెట్టలా ఉంది. లావు రాడ్డుతో పల్చటి గొట్టాన్ని కాల్చి చిల్లులు పెట్టాను. సన్న రాడ్డు తెచ్చుకున్నాక, చెయ్యి వణక్కుండా మెల్లగా లాగితే, అబ్బ! చల్లారాక పైపొర కొట్టేస్తే కింద చేప పొలుసుల్లా వరసగా మెరిసింది. నీకు తొలిసారి జడ వేసినప్పుడు కూడా నేనంత సంబరపడలేదు, నిజం.

ఆ సంబరంలోనే పగిలిన అద్దం సంగతి మర్చిపోయాను. సాయంత్రానికి కళ్ళల్లో ఇసక పోసినట్టయింది. ఏడుపాగదు, కళ్ళు తెరుచుకోవు. గుడ్డిదాన్నైపోయానని కేకలు పెట్టాను. మీ నాన్న వంటింట్లోకి వెళ్ళాడు. బంగాళదుంప చక్రాలుగా కోసి తెచ్చి, నన్ను పడుకోబెట్టి రెండు కళ్ళ మీదా పెట్టాడు. అవి వెచ్చబడితే తీసి కొత్తవి పెట్టాడు. చాలాసేపు అలాగే కూచున్నాడు.

"ఇదంతా ఎవరి కోసమే?" అన్నాడు.

"యానెత్ కోసం," అన్నాను.

నువ్వు వెళ్ళాక ఈ ఇంట్లో ఆయన ముందు నీ పేరు పలకడం అదే మొదటిసారి. కళ్ళ మీద దుంపలున్నాయి కాబట్టి సరిపోయింది, ఆయన మొహం చూస్తే నాకు ధైర్యం వచ్చేది కాదు. ఆయన వెచ్చబడ్డ చక్రాలు తీసి మళ్ళీ కొత్తవి పెట్టాడు. లేచి వెళ్ళలేదు.

తల్లీ, ఇప్పుడు నీకు రాయనిది ఒకటి రాయాలి. పై వాటా అలాగే ఉందని ప్రతి ఉత్తరంలో రాశాను. అబద్ధం. నువ్వు రోములోతో వెళ్ళిపోయిన వారం, మీ నాన్న హాక్సా పట్టుకుని డాబా ఎక్కాడు. నీ గది కోసమని నువ్వు పుట్టిన ఏడాది పిల్లర్ల మీద వదిలిన ఇనప చువ్వలు లేవూ, సీసాలు బోర్లించి మనం తుప్పు పట్టకుండా కాపాడుకున్నవి, వాటిని మొదలంటా కోసేశాడు. వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. మన పేటలో చువ్వలు కోసుకున్న ఇల్లు ఇంకోటి ఉందా చెప్పు? నాకిక పిల్లల్లేరు అని మైకులో అరిచినట్టే గదా. ఆ రోజు నేను చచ్చిపోవాలనుకున్నాను. నీకు రాస్తే నువ్వు మళ్ళీ ఈ గడప తొక్కవని భయపడ్డాను.

రెయిలింగ్ నిజమే. కానీ మిషను కొన్నది అసలు అందుకు కాదు. ఆ చువ్వల్ని మళ్ళీ అతికించేద్దామని. నువ్వొచ్చే లోపల అతికించేసి, సీసాలు పెట్టేస్తే నీకు తెలియనే తెలియదు గదా అనుకున్నాను. చూడు నా తెలివి!

కళ్ళు బాగయ్యాక కొత్త ముసుగు కొనుక్కుందామని గుమెర్సిందా దగ్గరికి వెళ్ళి, పిల్లరు చువ్వలకి ఏ రాడ్డు వాడాలని అడిగాను. ఆవిడ మొహం మారిపోయింది.

"వద్దమ్మా! ఆ ఇనుము అలా కాలిస్తే పెళుసైపోతుంది. భూమి ఒక్కసారి కదిలితే టప్పున విరుగుతుంది. మన ఊళ్ళో భూమి కదలకుండా ఉంటుందా? నీ పిల్లల్ని దాని కింద పడుకోబెడతావా?"

కొట్టు ముందే కూలబడి ఏడ్చాను. ఆవిడ నాకు మొక్కజొన్న షర్బతు ఇచ్చి, తనూ కళ్ళు తుడుచుకుంది. ఇంటికొచ్చి మీ నాన్నతో ఒక్క ముక్క అనలేదు. కొత్త ముసుగు వేసుకుని రెయిలింగ్ పూర్తి చేశాక, చువ్వల మొదళ్ళ దగ్గర మిషను పెట్టుకుని కూచున్నాను. కాల్చలేను, లేవలేను. ఆయన మెట్ల మీద నిలబడి చూసి దిగిపోయాడు.

ఇవాళ పొద్దున ఔరేలియా అత్తతో చర్చిలో పూజకి వెళ్ళి, అడోబో మాంసం పులుసు గిన్నెతో ఇంటికొచ్చేసరికి పైన దబదబ చప్పుడు. పరిగెత్తాను, మోకాలు లేదు ఏమీ లేదు. మీ నాన్న సుత్తీ ఉలీ పట్టుకుని పిల్లరు తల పగలగొడుతున్నాడు. జుట్టంతా సిమెంటు పొడి.

"ఏమయ్యా, ఉన్నది కూడా కూలుస్తున్నావా?" అని అరిచాను.

"కళ్ళు బాగయ్యాయన్నావు, కనపడటం లేదా? లోపలి చువ్వ మూరెడుకి పైగా బయటపడాలి. అప్పుడు దాని పక్కన కొత్త చువ్వ నిలబెట్టి తీగతో కడతారు. ఇల్లు కట్టింది నేనా, నువ్వా?"

"కోసింది నువ్వేగా!"

"కోశాను," అన్నాడు. అంతే, తల దించుకుని మళ్ళీ కొట్టాడు. నాలుగు పిల్లర్లలో ఒకటి పూర్తయింది. చేతులు బొబ్బలెక్కాయి. నేను తొడుగులిస్తే వేసుకున్నాడు తల్లీ, పేచీ పెట్టకుండా.

అడోబో అక్కడే గోడ మీద కూచుని తిన్నాం. తింటూ నేను చేసిన రెయిలింగ్ వంక చూశాడు. మెచ్చుకుంటాడేమో అనుకున్నాను.

"సందులు ఎక్కువ పెట్టావు. పిల్ల తల దూరుతుంది," అన్నాడు.

"దూరదు."

"నీకేం తెలుసు? చూశావా?" అని గిన్నె తుడుచుకున్నాడు. తర్వాత, నా వైపు చూడకుండా, "తల ఎంత ఉంటుందో దారంతో కొలిచి పంపమను. ఆ కొలతకి మళ్ళీ అతికిద్దువు," అన్నాడు.

యానెత్, నువ్వు దారం పంపకు. ఆ తలనే తీసుకురా.

ఇట్లు,
మసి చేతులతో, నిన్ను కన్న అమ్మ
ఎర్మెలిందా