కొత్త అల్లుడి వికెట్

కామాఠిపురా, ఆదివారం రాత్రి

మళ్లీ ఫిక్సింగ్ వార్త. అమ్ముడుపోయిన ఆటగాడు టీవీలో ఏడుస్తుంటే పొద్దున వాడినీ ఛానల్‌నీ కలిపి తిట్టాను. సాయంత్రం మా గల్లీ మ్యాచ్‌లో నా బంతి, మా వరస గదుల చాల్‌లో పక్క ఖోలీ నర్సింహ మామ కొత్త అల్లుడి బ్యాటుకు తగిలి కీపర్ చేతిలో పడింది. అంపైర్ మామే. వేలెత్తలేదు.

"కొత్త అల్లుడ్ని నలుగుర్ల ఔట్ అంటనా బిడ్డా?" అన్నాడు నాతో. చాల్ జనమంతా తలూపారు.

అల్లుడు మాత్రం "తగిలింది మామ" అని బ్యాటు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. పరువు తీసిండని మామ రాత్రి అన్నం ముట్టలేదట.

ఇప్పుడు ఇయర్‌ఫోన్లలో రాక్ గాయకుడు ఎవడికీ తలవంచొద్దని గొంతు చించుకుంటున్నాడు. వాడికి పిల్లనిచ్చిన మామ లేడు కాబోలు.

వికెట్ నాకే దక్కింది. నిజం చెప్పిందీ అల్లుడే. మరి నాక్కూడా కోపం అల్లుడి మీదే ఎందుకొస్తోంది?