ఒంటి ఫోటోకు ఏ లెన్సు

భువనగిరి,
ఆగస్టు 6, 2017.

కల్వకుర్తి బుచ్చయ్య తాతకు మనవరాలు అక్షిత దండం పెట్టి రాస్తున్నది.

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నానని అనుకోకు. ఫోన్‌లో నీకు సగమే వినబడుతుంది, మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు. పోయిన నెల నాకు జ్వరం తగ్గిందని చెబితే, పెరిగిందనుకుని బస్సెక్కి వచ్చావు.

సంగతేమిటంటే, నేనొక డిజిటల్ ఎస్సెల్లార్ కెమెరా కొన్నాను. పాతదే. పెళ్ళి ఫోటోలు మానేసి టిఫిన్ సెంటర్ పెట్టుకున్న ఒకాయన అమ్మాడు. కెమెరా ఇచ్చాడు గాని లెన్సు ఇవ్వలేదు. ఇప్పుడు నేను మొదటి లెన్సు కొనాలి, ఒక్కటే కొనగలను. నేను పనిచేసే బడిలో లెక్కలు చెప్పే గోపీకృష్ణ సార్‌కు ఫోటోల పిచ్చి. ఆయన మిల్లీమీటర్ల లెక్కన మూడు రకాలు చెప్పాడు. పద్దెనిమిది-యాభై అయిదు అన్నిటికీ అక్కరకొస్తుంది, దేనికీ గొప్పది కాదు. యాభై అయిదు-రెండు వందల యాభై పొడుగుది, దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగుతుంది. ఇంకొకటి ఉత్త యాభై. అది పొట్టిది. దాన్ని తిప్పి దగ్గరికి తెచ్చుకోవడం ఉండదు, మనమే నడిచి దగ్గరికి పోవాలి. కాని మసక వెలుతురులో కూడా మంచిగా తీస్తుంది.

నా మనసు పొడుగుదాని మీదే ఉంది. నేను ఒక మనిషిని దూరం నుంచి, తెలియకుండా ఫోటో తీయాలి. దగ్గరికి పోతే మొహం తిప్పేసుకుంటారు. ఎవరని మాత్రం అడగకు. నీకు చెప్పింది సాయంత్రానికల్లా హాలియాలో మీ అక్కకు, అదే మా అవ్వకు, తెలుస్తుంది. ఫోన్‌లో నీకు వినబడదు గాని, చెప్పడానికి ఏ అడ్డమూ లేదు కదా.

నీ మనవరాలు,
అక్షిత

తా.క.: అవ్వకు ఈ కెమెరా సంగతి కూడా చెప్పకు.


కల్వకుర్తి,
ఆగస్టు 14.

చిరంజీవి అక్షితను బుచ్చయ్య తాత మనసారా దీవించి రాయునది.

నీ ఉత్తరం చదివాను. మళ్ళీ చదివాను. నలభై ఏండ్లు స్టూడియో నడిపినవాడికి ఆ మాత్రం అర్థం కాదా బిడ్డా? పెళ్ళిళ్ళలో పెళ్ళికొడుకు దోస్తులు నా చెవి దగ్గరికి వచ్చి, ఫలానా పిల్లను దూరం నుంచి ఒక్కటి కొట్టమని బతిమిలాడేవాళ్ళు. ఒక్కటీ తీయలేదు. మొహం తిప్పుకునే మనిషి వెంట పడకూడదు. ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా అదే న్యాయం.

అందుకని నా మాట విను. పొడుగు లెన్సు వద్దు. దగ్గరికి పో, ఎదురుగా నిలబడు, నోరు తెరిచి అడుగు. కాదంటే కాదన్నారని తెలుస్తుంది, అవునంటే పెద్దవాళ్ళం మేమున్నాము. పిల్లవాడిది ఏ ఊరు, ఏం చేస్తాడు, ఇంట్లో ఎవరెవరున్నారు, అన్నీ వివరంగా రాయి. ఫికర్ పడకు.

నీ మేలు కోరే తాత,
బుచ్చయ్య

తా.క.: నువ్వు చెప్పొద్దన్నావు కాబట్టి కెమెరా సంగతి అక్కకు చెప్పలేదు. పిల్లవాడి సంగతి ఒక్కటే చెప్పాను.


భువనగిరి,
ఆగస్టు 23.

చెప్పొద్దన్నది వదిలేసి మిగతాదంతా చెప్పే బుచ్చయ్య తాతకు అక్షిత దండాలు.

ఎంత పని చేశావు తాతా! ఆదివారం హాలియా పోతే అవ్వ అన్నం పెడుతూ, "పిలగాడు ఎవుసం చేస్తడా, నౌకరీనా?" అని అడిగింది. అమ్మ గంటె పట్టుకుని అట్లనే నిలబడిపోయింది. ఏ పిల్లవాడూ లేడు. నేను దూరం నుంచి తీయాలనుకున్నది మీ అక్కను.

నీకు తెలియంది కాదు. మీ బావ, మా తాత, పింఛను కోసం నీ స్టూడియోలోనే ఒంటిగా కూర్చుని ఫోటో దిగాడు. ఆ నెలలోనే పోయాడు, అదే ఫోటోకు దండ పడింది. అప్పటి నుంచి అవ్వది ఒకటే మాట: "ఒంటి ఫోటో గోడకే." పదిమందిలో అయితే నవ్వుతూ నిలబడుతుంది. ఒక్కతినే అంటే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంటుంది. ఆధార్ ఫోటోకు కూడా భుజం మీద అమ్మ చెయ్యి ఉంటేనే కూర్చుంది. ఆ వేళ్ళు కార్డులో ఇప్పటికీ కనబడతాయి.

నాకు భయంగా ఉంది తాతా. కంటి ఆపరేషన్ అయ్యాక అవ్వ బాగా వంగిపోయింది. రేపు ఏమన్నా అయితే ఎవరో ఒక స్టూడియో అతను పెళ్ళి గ్రూపులోంచి ఆమె తల కోసి పెద్దది చేస్తాడు. పక్కవాళ్ళ భుజం ముక్క అందులో మిగిలిపోతుంది. నాకు అట్లాంటి అవ్వ వద్దు. గోడకు కాదు, నాకు కావాలి. నన్ను పెంచింది ఆమె.

అందుకే పొడుగు లెన్సు అడిగాను. ఇప్పుడు చెప్పు.

నీ మీద కోపం ఉన్నా ప్రేమ తగ్గని,
అక్షిత

తా.క.: దగ్గరికి పోయి అడగాలని నువ్వు రాసింది చదివి గోపీకృష్ణ కూడా అదే నిజమన్నాడు. ఇప్పుడు యాభైదే కొనమంటున్నాడు.


కల్వకుర్తి,
సెప్టెంబరు 2.

చిరంజీవి అక్షితకు తాత రాయునది ఏమనగా, నేను తప్పు అర్థం చేసుకున్నందుకు సిగ్గుపడ్డాను గాని, నీ ఉత్తరం చదివి అంతకంటే ఎక్కువ దిగులుపడ్డాను.

పాత స్టూడియో అలమారాలు తెరిచి వెతికాను. కల్వకుర్తి కల్వకుర్తంతా నా దగ్గర ఉంది. పెళ్ళికూతుళ్ళున్నారు, సర్పంచులున్నారు, జాతరలో గెలిచిన కోడెలు కూడా ఉన్నాయి. మా అక్క ఒక్కతిగా ఎక్కడా లేదు. నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి. నేనూ అడిగి అడిగి ఊరుకున్నవాడినే.

ఇక లెన్సు సంగతి. పొడుగుదానితో తీస్తే అక్క దొరుకుతుంది. బియ్యం చెరుగుతూనో, ఎటో చూస్తూనో దొరుకుతుంది. కాని దొంగచాటుగా తీసిన ఫోటోలో మనిషి ఒక్కతే ఉంటుంది బిడ్డా. ఆమెకు నువ్వేమవుతావో అందులో కనబడదు. హాలియాలో మీ ఇంటి నడిమి అర్రలో వెలుతురు కూడా మసకే. యాభైదే కొను. అక్కను దర్వాజ దగ్గర కూర్చోబెట్టు, వెలుతురు లేని వైపు ఒక తెల్ల దుప్పటి అడ్డం పెట్టు. మొహం మీది నీడ తగ్గుతుంది. నువ్వు దగ్గర కూర్చో. అడుగు. వద్దంటే కెమెరా సంచిలో పెట్టేసి అన్నం తిని రా.

ఆశీస్సులతో,
బుచ్చయ్య తాత

తా.క.: పిల్లవాడు లేడని అక్కకు ఫోన్‌లో గట్టిగా చెప్పాను. ఆమె ఏమన్నదో నాకు వినబడలేదు. ఫోన్ మీ అమ్మ తీసుకుని అరిచి చెప్పింది: "లేకుంటే ఇంత గట్టిగ ఎందుకు చెప్తున్నరు?" అన్నదట.


భువనగిరి,
సెప్టెంబరు 19.

నా లెన్సు గురువు బుచ్చయ్య తాతకు అక్షిత సంతోషంతో రాస్తున్నది.

ఉత్తరంతో పాటు ఫోటో పెట్టాను. ముందు అది చూసి తర్వాత ఇది చదువు.

యాభైదే కొన్నాను. మొదట్లో చిరాకుపడ్డాను. అరుగు మీది పిల్లిని తీయాలంటే నేనే నడవాలి, నేను నడిస్తే పిల్లి కూడా నడుస్తుంది. పదో తారీకు ఆదివారం అవ్వను దర్వాజ దగ్గర కూర్చోబెట్టాను. దుప్పటిని దండెం మీద ఆరేసి వెలుతురు తెప్పించాను. చేతికందేంత దగ్గర కూర్చుని, ఒక్కటి తీసుకుంటానని అడిగాను. "ఒంటిగ వద్దు బిడ్డా" అన్నది. నేను సరేనని కెమెరా ఒళ్ళో పెట్టుకున్నాను. నిజంగానే వదిలేశాను తాతా. ఏడుపు వచ్చింది, తల వంచుకున్నాను.

తల ఎత్తేసరికి అవ్వ కళ్ళద్దాలు సర్దుకుని, నా తల మీదుగా సూటిగా చూస్తున్నది. అంగట్లో విత్తనాలు చేతిలో పోసుకుని చూసేటప్పటి చూపు అది. పెదవి చివర నవ్వు. కెమెరా ఎత్తినా కొంగు అడ్డం పెట్టుకోలేదు. తీసుకోమన్నట్టు గదవ ఊపింది. ఎందుకు మెత్తబడిందో నాకు ఇప్పటికీ తెలియదు.

కాని మొన్న ఒక కాపీ తీసుకుపోయి ఇస్తే, గోడకు పెట్టొద్దని నాతో ఒట్టు వేయించుకుని తన పెట్టెలో అడుగున దాచేసింది. ఇంత మంచి ఫోటో చీకట్లో ఉండాలంటే బాధగా ఉంది.

నీ శిష్యురాలు,
అక్షిత

తా.క.: పిల్లవాడు ఎవరూ లేడని అవ్వకు మళ్ళీ చెప్పాను. నవ్వి ఊరుకుంది.


కల్వకుర్తి,
అక్టోబరు 1.

చిరంజీవి అక్షితను తాత దీవించి, ఈసారి జర నవ్వుకుంటూ రాయునది.

ఫోటోను కిటికీ వెలుతురుకు పట్టి చూశాను. మా ఇంటామె కౌసల్య ఏమైందని అడిగితే, "మా అక్క వచ్చింది" అన్నాను. కండ్లల్లో నీళ్ళు తిరిగాయి. తర్వాత పాత అలవాటు కొద్దీ భూతద్దం తీశాను. యాభై లెన్సుతో అంత దగ్గర నుంచి తీస్తే కళ్ళద్దాలలో ఎదురుగా ఉన్నదంతా పడుతుంది. నేనైతే కళ్ళద్దాలు తీయించి తీసేవాణ్ణి. నీకు ఆ సంగతి చెప్పడం మరిచాను, మరిచిందే మంచిదైంది.

ఎడమ అద్దంలో నువ్వున్నావు, మొహానికి కెమెరాతో. కుడి అద్దంలో దుప్పటి ఉంది. దండెం మీద వేశానని రాశావు కదా. ఆ దండెం గళ్ళ చొక్కా వేసుకుని, చేతులు రెండూ పైకెత్తి దుప్పటి పట్టుకుని ఉంది.

వెంటనే బస్సెక్కి హాలియా పోయాను. అక్క అంతా చెప్పింది. నాగార్జునసాగర్ చూడ్డానికి పోతూ దారిలో ఆగాడట కదా, లెక్కల సారు. "నేను కెమెరాను సూల్లేదురా, గా పిలగాన్ని సూసిన" అన్నది. "చేతులు గుంజుతున్నా దుప్పటి కిందపడనియ్యలే. అది ఏడుస్తుంటే వాని మొకం సూడాలె." నీ మొదటి ఉత్తరంలో ఆయన గోపీకృష్ణ సార్. తర్వాత ‘సార్’ ఎక్కడో రాలిపోయింది. అప్పుడే గమనించాల్సింది.

అక్క చేతికి భూతద్దం ఇచ్చి, నేను తీసుకుపోయిన ఫోటోలో ఆమె కళ్ళద్దాలలో ఏముందో చూపించాను. నిన్ను చూసింది, అతన్ని చూసింది, మళ్ళీ నిన్ను చూసింది. ఆ తర్వాత చెప్పింది విను: "ఇది ఒంటి ఫోటో ఎట్లయితదిరా? ముగ్గురం ఉన్నం." తానే పెట్టెలోంచి ఫోటో తీసి, పొడి గుడ్డతో తుడిచి, నడిమి అర్రలో తలుపు పక్కన మేకు కొట్టించింది. వచ్చినవాళ్ళందరికీ భూతద్దంతో సహా చూపిస్తున్నది. భూతద్దం నాకు తిరిగి ఇవ్వలేదు.

మీ ఇద్దరికీ ఆశీస్సులతో,
బుచ్చయ్య తాత

తా.క.: రెండో లెన్సు ఏది కొనాలని నువ్వు అడగలేదు, అయినా చెబుతున్నాను. వెడల్పుది కొనండి. రెండిళ్ళవాళ్ళం పట్టాలి.